సెల్ ఫోను – మనస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఏటేట తొలకరి వానలు కురియగానే కర్నూలు సీమలోని తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతముల చేలలో జనులు వజ్రములకై వెదకుట అందరెరిగినదే. వాననీటికి పైమన్ను కొట్టుకొనిపోయి రాళ్లు తేలును. పొరుగు జిల్లాలనుండి సయితము సద్దిమూట కట్టుకొని వచ్చి, తలవంచుకొని దినములకొలది తిరుగువారు కలరు. పెక్కుమందికి ఏమియు దొరకదు. ఎవరికో ఒకరికి దొరికినదను వార్త చాలును, మరునాడు చేను నిండిపోవును. దినమునకొక రాయి తప్పక దొరకునట్లయిన అది కూలిపని వంటిదై యుండెడిది. ఇంత ఆత్రము ఉండెడిది కాదు.

అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నరు పావురములతో ఈ సంగతినే పరీక్షించి, ఫెర్‌స్టరుతో కలిసి 1957లో గ్రంథముగా ప్రకటించెను. ఇన్నిమార్లు మీటను పొడిచిన గింజ వచ్చునని లెక్క యున్నపుడు, గింజ తిన్న వెనుక పావురము కొంతసేపు ఊరకుండును. ఎన్నవ పోటునకు వచ్చునో తెలియనపుడు విరామము లేక పొడుచును. గింజలు నిలిపివేసినను చాలసేపటివరకు మానదు.

సెల్ ఫోను తెరచువాని గతియు నిట్టిదే. పెక్కుమార్లు కనబడునది శుభోదయపు బొమ్మ, లేదా అప్పులిచ్చువారి ప్రకటన. ఎప్పుడో ఒకమారు నిజముగా కావలసిన మాట. అది ఎప్పుడో తెలియదు గనుకనే చేయి మాటిమాటికి జేబులోనికి పోవును.

కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. రచ్చకట్ట కడనుండిన పంచాయతీ రేడియోకు ఒక వేళ యుండెను. కార్యక్రమము ముగిసిన వెనుక మీట త్రిప్పి జనులు లేచిపోవుచుండిరి. ఒక్కనికి మాత్రమే చెప్పవలసిన మాట అందు రాదు. కావున దానికై రాత్రి మేలుకొన్నవాడు లేడు.

అట్లని యంత్రమును నిందించుట న్యాయము కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై కువైటునకు పోయినవారు వేలకొలది. అచ్చటి గడియారము ఇచ్చటికంటె రెండున్నర గంటలు వెనుక. పరుల యింట పనిచేయు కూతురు రాత్రి పదిగంటలకు తీరిక చేసికొని పిలిచిన, ఇచ్చట పండ్రెండున్నర యగును. ఆమె తల్లి దిండు క్రింద ఫోను పెట్టుకొనుటను వ్యసనమనువారికి బిడ్డలు దగ్గరనే యుందురు కాబోలు! చిక్కేమనగా, కూతురి పిలుపు వచ్చు యంత్రమునందే ప్రకటనయు వచ్చును. రెంటికిని మ్రోత యొక్కటే. ఆ తల్లి ప్రతి మ్రోతకును గుండె గుభేలుమని లేచును.

చదువరులకు సంబంధించిన మరియొక సంగతి. టెక్సాసు విశ్వవిద్యాలయ పండితులు 2017లో ప్రకటించిన పరీక్షలలో, మ్రోత నిలిపిన ఫోనును బల్లపైనుంచుకొన్నవారికంటె వేరొక గదిలో విడిచివచ్చినవారు జ్ఞాపకశక్తి పరీక్షలో మేలుగా నెగ్గిరి. ఫోను తమకు అడ్డుకాలేదనియే పెక్కుమంది చెప్పిరి. తరువాతి పరీక్షలన్నింటను ఇదే ఫలము రాలేదు. అయినను చదువు గదిలో దీనిని పరీక్షించి చూచుటకు ఖర్చేమియు లేదు.

చేయదగిన పని చిన్నది. కావలసినవారి నంబరునకు వేరొక మ్రోత నేర్పరచి, తక్కిన వానిని మ్రోగకుండ చేయవచ్చును. ఫోనులోనే ఆ వసతి కలదు. ఇంటిలోని పిల్లలు క్షణములో చేసి యిత్తురు. గ్రంథాలయ ద్వారము కడ ఫోనులకు ఒక అర నేర్పరచిన, చదువునంతసేపు వాని నందుంచవచ్చును. కువైటు పిలుపునకై కాచుకొన్నవారు మాత్రము తమ ఫోనును చెంతనే యుంచుకొందురు గాక.