పరుగెత్తు పిల్లలకు పాదరక్షలు

1960లో రోమ్ ఒలింపిక్సునందు ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి పాదములతో పరుగెత్తి మారథాన్ గెలిచెను. ఆ మాట చెప్పి, పిల్లలకు బూట్లెందుకు అనువారు కలరు. 1964లో టోక్యోలో ఆయన బూట్లు తొడిగియే మరల గెలిచెనని మేము మనవి చేయుచున్నాము.

చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండు వంటి మైదానమున ఆడిన పిల్లలకు క్రాస్ కంట్రీ బాట క్రొత్త. అక్కడ మట్టి, గడ్డి, రాళ్లు, ఎత్తుపల్లములు ఎదురగును. ఎదుగు పాదమని పెద్ద జోడు కొనుట మన యిండ్లలో అలవాటు. అందు పాదము జారి, మడమ ఒరసికొని బొబ్బలెక్కును. నాలుగు దినములలో బిడ్డ పరుగే మానుకొనును.

అబిడ్స్‌కో సుల్తాన్‌బజారుకో సాయంకాలము పొండు. అప్పటికి పాదము కొంత ఉబ్బియుండును. మేజోళ్లు తొడిగించి, బిడ్డను నిలువబెట్టి, రెండు పాదములును కొలిపింపుడు. పెద్దదానికి సరిపోవునదే కొనుడు. వ్రేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు చాలును. మడమ కదలరాదు. అడుగున పట్టునిచ్చు గాట్లుండవలెను. మేకుల బూట్లు మొదటనే వలదు. అంగడిలోనే నాలుగడుగులు పరుగెత్తనిండు.

క్రొత్త జోడును పందెమునాడే తొడిగింపక, ముందు కొన్ని దినములు నడకలో అలవాటు చేయుడు. అన్న తొడిగి వంకరచేసిన జోడును తమ్మునికి ఈయకుడు. రెండు మూడు నెలలకొకసారి వ్రేళ్ల ముందటి చోటు చూడుడు. ఇరుకైనచో, జోడు చిరుగకున్నను మార్చుడు.