పరుపుల యంచుకుట్టు – పనిపొదుపు
(దేవరాపల్లి మహాసభయందుఁ జదివిన యుపన్యాసము)

 

సంస్కృతమున "దశ" యను పదమునకు వస్త్రపుటంచు అనియు, జీవితావస్థ యనియు రెండర్థములు గలవు. పరుపుపనివారమగు మనకు ఆ రెండును నొక్కటియే. అంచు చెడిన పరుపును గొన్నవాఁడు మరల మన వాకిటికి రాఁడు. కావున నేఁడు మేము అంచును గూర్చియే విన్నవింపఁ దలంచితిమి.

దూది శుభ్రపఱచుట, త్రాళ్లు, పట్టెలు చేయుట దూదేకులవారి వృత్తులని 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథము చెప్పుచున్నది. దూదియుఁ బట్టెయు రెండును మన చేతిపనులే. పరుపంచున ఆ రెండును గలసికొనుచున్నవి.

చేతిపనిలో అంచు ఎట్లేర్పడును? దూది నింపి, కఱ్ఱతోఁ గొట్టి సమము చేసిన పిమ్మట, అంచు వెంబడి దూదిని వ్రేలిలావున వత్తివలెఁ బట్టి లావు దారముతోఁ గుట్టుదురు. ఈ వత్తి గోడవలె నిలిచి, లోని దూది ప్రక్కలకు జాఱకుండఁ గాపాడును. నడుమ దబ్బనముతో వేయు కుట్లు దూది యొకచోటఁ గుప్పపడకుండ నాపును.

ఇఁక లెక్క చూతము. ఆఱడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పరుపు చుట్టుకొలత 20 అడుగులు. మీఁది యంచు, క్రింది యంచు కలసి 40 అడుగులు, అనఁగా 480 అంగుళములు. అఱ యంగుళమున కొకటి చొప్పున 960 కుట్లు పడును. అంగుళమున కొకటి వేసినచో 480తో ముగియును, పని సగమగును. కాని యెడమైన కుట్ల నడుమ వత్తి సడలును, దూది జాఱును, జనులు కూర్చుండు నంచుననే పరుపు ముందుగాఁ గ్రుంగును. ఇది పొదుపు కాదు, పేరు నమ్ముకొనుట.

కర్మాగారములందు టేపుఎడ్జి యంత్రము గలదు. బల్లపైఁ బరుపు నుంచఁగా, మీఁది గుడ్డ యంచును, ప్రక్కపట్టీ యంచును ఒక్క టేపులో మడిచి యది చుట్టును గుట్టుకొని పోవును. తిన్నని చోట దాని వేగము చేతికి రాదు. మూలలయందు మాత్రము పనివాఁడు వేగము తగ్గించి టేపును నేర్పుతోఁ ద్రిప్పవలెను. గుడ్డకును బట్టీకిని గొలత కుదరనిచో మూలను ముడుతలు పడును. విప్పి మరలఁ గుట్టవలసి వచ్చును. సూదివద్దఁ బోయినదనుకొను కాలములోఁ బెద్దపాలు కత్తెరవద్దనే పోయినది. ఒకే కొలత గుడ్డలను ఒక్కమాఱే కత్తిరించి, ఒకరు నింప, ఒకరు కుట్ట, పని పంచుకొనుటయే మొదటి పొదుపు. దానికి యంత్ర మక్కఱలేదు.

ఇట్టి యంత్రములు తఱచుగా గొలుసుకుట్టు వేయును. కొస విడిచినచో ఆ కుట్టు వరుసగా నూడిపోవును. గనుకఁ గొసను చేతితో ముడివేయవలెను. ఆ గుణమే మనకు మేలు గూడను. ఏండ్లు గడచి గట్టిపడిన దూదిపరుపును ఆ కొస పట్టి సులువుగా విప్పి, మరల నేకి, క్రొత్తదిగాఁ జేయవచ్చును. క్రుంగిన స్పంజి పరుపునకు ఆ పునర్జన్మము లేదు. మన వృత్తికి మిగిలిన బలమిదియే.

ఒక్క కుటుంబము యంత్రమును గొనఁజాలకపోవచ్చును. ఈ చోడవరము ప్రాంతమునందే గోవాడలోఁ జెఱకు రైతులు సహకారపద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొనిరి. పదియిండ్లవారు చేరి యొక యంత్రము నుంచుకొనుట అంతకంటెఁ గష్టమా? పోషకులగు శ్రీమంతులను మేము దానము వేఁడుట లేదు. మొదటి సొమ్ము అప్పుగా నిచ్చినఁ జాలును.

ఏకెడు విల్లు పోయి యంత్రము వచ్చినప్పుడు మన వృత్తి చావలేదు. అంచునకు యంత్రము వచ్చినను జావదు. అంచుపై శ్రద్ధ పోయిననాఁడు చచ్చును. మన బాలురు ఈ పని విడిచి కూలికిఁ బోకమునుపే మేలుకొందము.