సబ్‌వూఫర్‌కి ఏ ఫిల్టర్?

(స్వర్ణోత్సవాల రోజున భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చింది ఒక పీరియడ్. బెల్లు కొట్టేలోపు ముగిస్తాను.

మన సంఘం తరఫున ప్రార్థన హాలుకి ఒక సబ్‌వూఫర్ సొంతంగా తయారు చేసి ఇస్తున్నామని మీకు తెలుసు. పెట్టె అయింది, పన్నెండు అంగుళాల వూఫర్ వచ్చింది, ఆంప్లిఫయర్ బోర్డు విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దాని ముందు పెట్టే క్రాసోవర్ ఫిల్టర్ దగ్గరే. "కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే రెడీమేడ్ బోర్డు దొరుకుతుంది కదరా, దీనికింత చర్చ ఎందుకు?" అని మా బ్యాచ్ వాడొకడు అడిగాడు. దొరుకుతుంది. దానికో నాబ్ కూడా ఉంటుంది. చర్చ ఎందుకో చెప్తాను.

ఆ హాలుకి రెండు పనులున్నాయి. వార్షికోత్సవం నాడు పిల్లలు డాన్సు చేస్తుంటే డప్పు దెబ్బ గుండెకి తగలాలి. మర్నాడు పొద్దున ప్రార్థనలో హెడ్మాస్టరు గారు చెప్పేది చివరి వరుసలో ఉన్న ఆరో తరగతి పిల్లకి స్పష్టంగా వినపడాలి. మొదటిది తేలిక, డబ్బు పెడితే వస్తుంది. రెండోది చెడకుండా చూడడమే ఫిల్టర్ పని. పెళ్లిళ్లలో చూస్తూనే ఉంటాం కదా. పాటలకి బ్రహ్మాండంగా ఉన్న సిస్టంలోనే, ఎవరైనా మైకు పట్టుకోగానే గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది.

మగవాళ్ల గొంతు మూల పౌనఃపున్యం సుమారు 85 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆడవాళ్లది 165కి అటూ ఇటూ. (పౌనఃపున్యం అని పలకడానికి ఈ గదిలోనే ఎంత తంటాలు పడ్డామో మా మాస్టారికి గుర్తుండే ఉంటుంది.) ఇక 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి పెద్దగా పోల్చుకోలేదు. హోమ్ థియేటర్లకి టీహెచ్‌ఎక్స్ వాళ్లు 80 హెర్ట్జ్‌ని ఎంచుకున్నారంటే ఇదొక ముఖ్య కారణం. మనం నాబ్ తిప్పి 150 దగ్గర పెడితే, హెడ్మాస్టరు గారు వేదిక మీద ఉంటారు, ఆయన గొంతు మూలనున్న పెట్టెలోంచి వస్తుంది.

అలాగని కళ్లు మూసుకుని 80 పెట్టేయడమూ కుదరదు. ముందు చిన్న స్పీకర్లని అడగాలి. వాటికి చేతకానిదే సబ్‌వూఫర్‌కి ఇవ్వాలి. మూడంగుళాల స్పీకర్లయితే 150 దాకా దిగడానికే ఆయాసపడతాయి. అప్పుడు గత్యంతరం లేదు, ఎత్తులోనే కోయాలి, సబ్‌వూఫర్‌ని వాటి పక్కనే పెట్టాలి. మన హాలు గోడల మీదున్నవి ఆరున్నర అంగుళాలవి, మూసిన పెట్టెలు. ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి విన్నాను. వంద దాకా నిబ్బరంగా ఉన్నాయి, డెబ్బై దాటి కిందికి వస్తే పలచబడ్డాయి. అందుకని 75 అనుకున్నాను.

అసలు తేడా వచ్చేది వాలు దగ్గర. 75 దగ్గర గోడ కట్టినట్టు ఏ ఫిల్టరూ ఆపదు. మెల్లగా దించుతుంది. ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ దించే ఫిల్టర్ పెడితే, 150 హెర్ట్జ్ దగ్గర వోల్టేజీ ఇంకా నాలుగో వంతు మిగులుతుంది. మగ గొంతు సబ్‌వూఫర్‌లో వినపడడానికి అది చాలు. 24 డెసిబెల్స్‌ది పెడితే పదహారో వంతే మిగులుతుంది. చవక బోర్డుల్లో చాలావాటికి 12 మాత్రమే ఉంటుంది. నేను వద్దనేది అందుకే, నాబ్ మీద కోపంతో కాదు.

24 కావాలంటే బటర్‌వర్త్ ఫిల్టర్లు రెండు ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. దీన్నే లింక్‌విట్జ్-రైలీ అంటారు. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్ల పేర్లవి. లింక్‌విట్జ్ గారి వ్యాసం 1976లో వచ్చింది. దాని అందమేమిటంటే, కోత పెట్టిన చోట సబ్‌వూఫర్ వోల్టేజీ సరిగ్గా సగం, చిన్న స్పీకర్లదీ సగం, రెండూ ఒకే ఫేజులో ఉంటాయి. సగమూ సగమూ కలిసి ఒకటి. బటర్‌వర్త్ ఒక్కటే పెడితే అక్కడ రెండూ ఎదురెదురు ఫేజుల్లోకి పోయి గుంట పడుతుంది. ఒక స్పీకర్ వైర్లు తిప్పి కలపాలి, అప్పుడు గుంటకి బదులు చిన్న మిట్ట వస్తుంది.

పిల్లలూ, ఇది రాసుకోండి. ఒక టీఎల్072 ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లుంటాయి, మనక్కావలసిందీ రెండే. ఒక్కో దశకి 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. నేలకి వెళ్లే కెపాసిటర్ 100 నానో ఫారడ్‌లు. అవుట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చేది 200, అంటే రెండు 100లు సమాంతరంగా. లెక్క కట్టి చూడండి, 75 హెర్ట్జ్ వస్తుంది. చిన్న స్పీకర్లకి హైపాస్ కూడా అవే విడిభాగాలతో అయిపోతుంది. 100 నానో ఫారడ్‌లవి రెండు సిరీస్‌లో, వెనక్కి వచ్చే రెసిస్టర్ 15, నేలకి వెళ్లేది 30. అక్కడ ఒక్క దశ చాలు. మూసిన పెట్టెలో స్పీకర్ తనంతట తానే మరో 12 డెసిబెల్స్ దిగుతుంది కనుక మొత్తం 24కి దగ్గరగా వస్తుంది. డిస్క్ సెరామిక్ కెపాసిటర్లు మాత్రం తేవద్దు. పాలియెస్టర్‌వి తెచ్చి, మీటర్‌తో కొలిచి, దగ్గర విలువలున్నవి ఏరుకోండి.

ఆంప్లిఫయర్ తర్వాత కాయిల్ పెడితే పోదా అని ఇందాక ఒక అన్నయ్య అడిగారు. నాలుగు ఓమ్‌లకి, ఈ కోతకి 12 మిల్లీ హెన్రీల కాయిల్ చుట్టాలన్నయ్యా, అదీ 12 డెసిబెల్స్ వాలుకే. ఆ రాగి ఖర్చుతో ఇలాంటి ఫిల్టర్ బోర్డులు చాలా వస్తాయి.

ఇక సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలి? 75 హెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం సుమారు 4.6 మీటర్లు. అందులో సగం, అంటే 2.3 మీటర్ల తేడా పడితే, మనం కష్టపడి కలిపిన ఫేజు తిరగబడుతుంది. ప్రతి సీటుకీ కుదరదు గాని, మధ్య వరుసల్లో కూర్చుని సరిచేసుకోవచ్చు. 75 హెర్ట్జ్ టోన్ పెట్టి సబ్‌వూఫర్ వైర్లు అటూ ఇటూ మార్చి వినండి. ఏ వైపు గట్టిగా వినపడితే అది ఉంచేయండి. అప్పుడు మైకు హెడ్మాస్టరు గారి చేతికిచ్చి, చివరి వరుసలో ఎవరైనా కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. రాతలో మాట తప్పిపోతుంటే సబ్‌వూఫర్ వాల్యూమ్ తగ్గించండి. రేపు పది గంటలకి ఈ గదిలోనే బోర్డు సోల్డరింగ్ మొదలు. మీటర్, టిన్ను నేను తెస్తాను.