నేటి పాటపై మన ఫిర్యాదు

(శతవార్షికోత్సవముల సందర్భమున శ్రీనగర్ కాలనీలో జరిగిన సాయంకాల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కమిటీవారు మమ్మల్ని అడిగారు. కీర్తనల ఔన్నత్యము మీద ఒక చక్కని ప్రసంగము వస్తుందని వారు ఆశించి ఉంటారు. మేము మాత్రము ఒక ఫిర్యాదు పట్టుకొని వచ్చాము. అరవై దాటిన నలుగురము సాయంత్రము నడకకు కలిస్తే మాట్లాడుకొనే ఫిర్యాదే అది. ఈనాటి పాట మా చెవులకు గోలగా ఉంది.

మన కాలనీ వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1950లలో కట్టిన సారథి స్టూడియో మనకు కూతవేటు దూరములో అమీర్‌పేటలో ఉంది. ఇటు వెళ్తే కృష్ణానగర్. సినిమాలో ఒక చిన్న వేషము దొరుకుతుందేమోనని ఊళ్ళు విడిచి వచ్చిన బిడ్డలు అక్కడ అద్దె గదులలో ఉంటారు. సినిమా పరిశ్రమ మద్రాసు నుండి కదలి వచ్చి మన చుట్టూ కాపురము పెట్టింది. అందుచేత సినిమా పాటకు మనము ఇరుగుపొరుగువారము. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరేగింపు మన వీధిలోకి తిరిగితే కిటికీ అద్దాలు అదురుతాయి, అలమరలోని గ్లాసులు మోగుతాయి. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు చేసింది. ఆ అంకెలను ఆ స్పీకర్లకు ఎవరు చదివి వినిపిస్తారో తెలియదు.

గోల ఒక్కటే అయితే కిటికీలు మూసుకొందుము. మాట వినబడకపోవడము రెండవ బాధ. పాట అంతా విన్న తరువాత కూడ కవి ఏమన్నాడో తెలియదు. అపశ్రుతిని యంత్రముతో సరిదిద్దే ఆటోట్యూన్ 1997లో వచ్చింది. ఇప్పుడు ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోలేకున్నాము. మా చిన్ననాడు మద్రాసు స్టూడియోలలో గాయకులు, వాద్యకారులు ఒక్కచోట కూర్చొని పాడేవారు. ఒక్క వయొలిన్ తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుండి పాడవలసినదే. ఆ భయము పాటలో ఒక శ్రద్ధగా వినబడేది. ఇప్పుడు రీల్స్ కోసము పదిహేను సెకన్ల ముక్క చాలు. ఘంటసాలగారు 1974లో కన్నుమూశారు. ఆయన పాట మా తరమువారు నేటికీ స్నానాల గదిలో పాడుకొంటారు. నిరుటి పాటలలో ఒక్కటైనా పల్లవి, చరణాలతో చెప్పుమంటే మా మనుమలు తల గోక్కుంటారు.

అన్నీ అలాగే ఉన్నాయని చెప్పితే అబద్ధమవుతుంది. కీరవాణిగారు బాణీ కట్టగా చంద్రబోసుగారు వ్రాసిన నాటు నాటు పాటకు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు మేమూ సంతోషించాము. మనుమలు గంతులు వేస్తుంటే మా కాలు కూడ కదిలింది, ఒప్పుకొంటాము. మోకాలి నొప్పి వలన అంతటితో ఆగింది.

ఇంతకూ ఈ ఫిర్యాదు కొత్తది కాదు. 1952లో కేంద్ర సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆయన హయాములో ఆకాశవాణి నుండి సినిమా పాట తొలగిపోయింది. జనులు శాస్త్రీయ సంగీతము వింటారని ఆయన నమ్మకము. జనులు రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది, సినిమా పాట ఆకాశవాణికి తిరిగి వచ్చింది. మన నగరములోనూ 2024లో పోలీసువారు మతపరమైన ఊరేగింపులలో డి.జె.లను నిషేధించారు. చెవులకు అది మేలే. కాని నిషేధము వలన గోల తగ్గవచ్చునే గాని, ఒక మంచి పాట ఎవరికైనా నోటికి వస్తుందా? మన క్రిస్మస్ ఊరేగింపులలో లారీ మీద పెట్టిన పెట్టెలు కూడ ఆ కోవలోనివే అని చెప్పకపోతే మనము పక్షపాతులమవుతాము.

ఇంతవరకు మేము వీధిని గూర్చి మాట్లాడాము. ఇక మన ఇంటి సంగతి చెప్పుకొందాము.

కొంతకాలము క్రిందట మన సంఘములో ఒక పెద్దావిడ ప్రభువునందు నిద్రించింది. ఆమె కోరుకొన్న కీర్తన ఒకటి ఉంది, ఇంటిల్లిపాదికి తెలుసు. సమాధుల తోటకు స్పీకరు పెట్టె, ఫోనులో సిద్ధముగా ఉన్న ట్రాకు తీసుకొని వెళ్ళాము. పెట్టె దించే సమయానికి స్పీకరులో బ్యాటరీ అయిపోయింది. గురువుగారు మనవైపు చూశారు. మనము ఒకరివైపు ఒకరము చూసుకొన్నాము. పల్లవి అందరమూ అందుకొన్నాము. మొదటి చరణము సగము మంది పాడారు. రెండవ చరణానికి వచ్చేసరికి నూరుమంది పెదవులు కదలుతున్నాయి, శబ్దము లేదు. పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. తెర దేవాలయములో ఉంది.

అప్పుడు వెనుక నుండి ఒక గొంతు వచ్చింది. మెదక్ వైపు పల్లె నుండి వచ్చి ఎల్లారెడ్డిగూడలో ఇళ్ళలో పని చేసుకొనే ఒకామె, చదువు రాదు, మిగిలిన చరణాలన్నీ తప్పు లేకుండా పాడింది. మన బాణీ కన్న కొంచెము వేరు, మెల్లనిది. మనము ఆమె వెనుక పల్లవి మాత్రము అందుకొంటూ వచ్చాము. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు.

పాట పాడవలసినవారము మనము వినేవారముగా మారిపోయాము. ఆదివారము నాడు వేదిక మీద ఐదుగురు మైకులు పట్టుకొంటారు, కీబోర్డులో నింపిన తాళము నడుస్తుంది, మనము చేతులు కట్టుకొని నిలుచుంటాము. బాగున్నదనో బాగులేదనో తరువాత తీర్పు చెప్పుతాము. వీధిలో గోల మనలను అంతగా బాధించడానికి కారణము కూడ ఇదే కావచ్చును. నోటిలో తన పాట ఉన్నవాడికి పక్కింటి పాట అంత బరువుగా తోచదు.

ఈ తప్పును కొత్త పాటల మీదకు నెట్టకండి. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు కీర్తనలు వ్రాసినప్పుడు అవి కొత్తవే. దొరలు తెచ్చిన ఇంగ్లీషు రాగాలు పక్కన ఉండగా ఆయన మన దేశపు రాగతాళాలలో, పల్లవి చరణాలతో వ్రాశారు. జనుల చెవికి ఇంపైన దారిని పట్టుకొన్నారు గనుకనే పల్లెపల్లెకు పోయాయి. 1978లో కరుణామయుడు చిత్రము వచ్చింది. మోదుకూరి జాన్సన్‌గారు అందులో వ్రాసిన కరుణరథము పాటను బాలసుబ్రహ్మణ్యంగారు పాడారు. అది సినిమా పాట అని తలచకుండా మనము దేవాలయాలలో పాడుకొన్నాము. సినిమా నుండి వచ్చినా, నోటికి వచ్చినది మనదయింది.

జాన్ వెస్లీగారు 1761లో తన పాటల పుస్తకముతో పాటు పాడేవారికి కొన్ని సూచనలు ముద్రించారు. అందరూ పాడవలెనని, సగము నిద్రలో ఉన్నట్లు పాడరాదని, అయితే తన గొంతు ఒక్కటే వినబడేటట్లు అరవరాదని వాటి సారాంశము. అందులో మొదటి సూచన మా పెద్దలకు, చివరిది మైకు పట్టుకొన్న యువజనులకు వర్తిస్తుందని మా మనవి. కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయములో పౌలు పాటను ఒకరికొకరు బోధించుకొనే సాధనముగా చెప్పాడు. ఒకరు పాడి తక్కినవారు వినే పద్ధతి అక్కడ లేదు.

సమాధుల తోట సంగతి జరిగిన వారము మేము కీబోర్డు వాయించే అబ్బాయిని పట్టుకొని కొంచెము గట్టిగానే మాట్లాడాము. కీర్తనలు నేర్చుకోకుండా ఈ డబ్బా ఏమిటని అడిగాము. వాడు తలవంచుకొని విన్నాడు. తరువాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెచ్చి మా ముందు తెరిచాడు.

"తాతగారూ, ఇక్కడ రాగము పేరుంది, తాళము పేరుంది. బాణీ ఎక్కడుంది? మీరు పాడితే గదా మాకు వచ్చేది. మీరేమో ఇది పాత పాట, మీకు రాదులే అని పేజీ తిప్పేస్తారు" అన్నాడు.

మాకు జవాబు లేదు. ఆ పుస్తకములో ఉన్నది మాట మాత్రమే. బాణీ మా తల్లుల నోట, పల్లె ఉపదేశకుల నోట, రాత్రి దీపము చుట్టూ భజన చేసినవారి నోట వచ్చింది. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విరుపు. దానిని ఎవరూ స్వరము కట్టి మాకు ఇవ్వలేదు, మేమూ ఎవరికీ ఇవ్వలేదు. మేము పట్నము వచ్చాము, ఉద్యోగాలు చేశాము, ఫ్లాట్లు కొన్నాము. బిడ్డలకు ఇంగ్లీషు చదువు చెప్పించాము. మాలో ఒక్కొక్కరు వెళ్ళిపోయినప్పుడల్లా రెండు మూడు బాణీలు సమాధిలోకి వెళ్తున్నాయి. నూరేండ్ల పండుగకు భవనాల ఛాయాచిత్రాలు సేకరిస్తున్నాము, మంచిదే. బాణీలకు ఛాయాచిత్రము లేదు గదా.

కనుక ఫిర్యాదుతో పాటు ఒక పని కూడ తెచ్చాము. వచ్చే నెల నుండి రెండవ శనివారము సాయంత్రము ఐదు గంటలకు దేవాలయము వరండాలో కూర్చుంటాము. ఆ అబ్బాయి తన ఫోనులో రికార్డు చేసి, స్వరములు వ్రాసుకొంటానన్నాడు. ఎల్లారెడ్డిగూడ ఆమెను మొదట పిలిచాము. పని ముగించుకొని ఆరింటికి వస్తానంది, ఆమె కోసము ఆగుతాము. మీ ఇంట మంచము పట్టిన పెద్దలు ఎవరైనా ఉండి, వారికి కీర్తనలు వస్తే, చెప్పండి, మేమే వారి దగ్గరకు వస్తాము. గొంతు బాగులేదని ఎవరూ వెనుకాడవద్దు. మాదీ బాగులేదు. ఆ రోజు కీబోర్డు ఉండదు, మైకు ఉండదు. టీ మాత్రము స్త్రీల మైత్రి వారు ఇస్తామన్నారు.