పాత గేటుని తూకానికి వేసే ముందు ఒక్కసారి చూడండి

పటాన్‌చెరులో మా షెడ్ నుంచే మాట్లాడుతున్నా, వెనక గ్రైండర్ సౌండ్ వస్తే ఏమనుకోకండి.

పోయిన దసరాకి సంగారెడ్డిలో మా తాత ఇంటి గేటు పీకేసి స్టీల్ గేటు పెట్టించాం. పాతది తూకానికి వేశాం. గోడలో ఒక ముక్క మిగిలిపోయింది. దాన్ని షెడ్‌కి తెచ్చి, హ్యాక్‌సాతో సగం కోసి, వైస్‌లో బిగించి సుత్తితో వంచా. మామూలు రాడ్డులా తెగలేదు. చెరుకు విరిచినట్టు పీచుపీచుగా చీలింది. రోజూ ఇనుముతో పనిచేసే నేనే గుర్తుపట్టలేదు!

అది చేత ఇనుము, అంటే రాట్ ఐరన్. కార్బన్ చాలా తక్కువ. లోపల చిట్టెం సన్నని దారాల్లా ఉంటుంది, అందుకే ఆ పీచు. పోత ఇనుములో కార్బన్ 2 శాతం పైనే, గట్టిగా కొడితే పగులుతుంది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక స్టీల్ చవకైంది, చేత ఇనుము మెల్లగా మూలపడింది. 1889లో కట్టిన ఈఫిల్ టవర్ మాత్రం ఆ ఇనుముతోనే ఇంకా నిలబడి ఉంది.

లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ రాజుగారి తోటలో 12 పలకల ఇనుప కంచె ఉంది. 300 ఏళ్ల కింద జాన్ టిజూ అనే ఫ్రెంచ్ పనివాడు చేసింది. ఆకులు, తీగలు అన్నీ కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టినవే. దాన్ని చూడ్డానికి జనం టికెట్ కొనుక్కుని పోతారు. మనమేమో కిలోల లెక్కన అమ్ముకుంటాం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. ఆ పనితనం పుట్టిన నేల మనది.

మరి ఎట్లా గుర్తుపట్టాలి? అతుకుల దగ్గర చూడండి. వెల్డింగ్ గీత లేకుండా రివెట్లు, పట్టీలు ఉన్నాయా? రెండు వంపులు పక్కపక్కన పెడితే కొంచెం తేడా ఉందా? తుప్పు పట్టిన చోట కట్టె చారల్లా కనిపిస్తోందా? ఉంటే ఆగండి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింట్ వేయండి. విరిగితే వెంటనే వెల్డింగ్‌కి ఇవ్వకండి, ముందు ఊళ్లో పెద్ద కమ్మరికి చూపించండి.

మా తాత గేటు ఈపాటికి ఏ ఫర్నేస్‌లోనో కరిగిపోయి ఉంటుంది. ఈ ముక్క ఒక్కటే మిగిలింది. మీ ఇంటి గేటు ఇంకా ఉంది కదా, ఇవాళే వెళ్లి చూడండి.