గీతను జరిపినవారు



హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు ఆరాధన ముగిశాక నన్ను ఆపి అడిగాడు. "అయ్యగారూ, టెస్టింగు పూర్తికాని ప్రోగ్రాముకు అన్నీ సరిగా ఉన్నాయని సంతకం పెట్టమంటున్నారు. భయమంటే 'పుష్ ది ఎన్వలప్' అంటున్నారు. విశ్వాసమన్నా అంతేకదండీ, తెగించడమేకదా?"

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఎన్వలప్ అనగానే మనకు ఉత్తరాల కవరు గుర్తొస్తుంది. (మన ఆఫీసుల్లో బల్లమీద కవరు తోయడానికి వేరే అర్థముంది, దాని గురించి మరో వారం మాట్లాడుకుందాం.) ఇది విమానాల వారి మాట. ఒక విమానం ఏ ఎత్తులో, ఎంత వేగంతో, రెక్కలమీద ఎంత భారం పడినా క్షేమంగా ఎగరగలదో లెక్కగట్టి కాగితంమీద గీత గీస్తారు. వేగం మరీ తగ్గితే రెక్కలు మోయలేవు, విమానం జారిపోతుంది. మరీ పెరిగితే అదిరి విరిగిపోవచ్చు. ఈ హద్దులన్నిటినీ చుట్టిన గీతే ఎన్వలప్. దాన్ని బయటికి జరపడం టెస్ట్ పైలట్ల పని. 1979లో టామ్ వుల్ఫ్ రాసిన 'ది రైట్ స్టఫ్' అనే పుస్తకంతో ఈ మాట మామూలు జనం నోటికి వచ్చింది.

ఎలా జరిపారో గమనించండి. 1946 సెప్టెంబరులో ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్ ధ్వని వేగానికి దగ్గరగా వెళ్తుండగా విమానం గాలిలోనే ముక్కలైపోయి మరణించాడు. మరుసటి ఏడు అమెరికాలో, కాలిఫోర్నియా ఎడారిలో, చక్ యేగర్ ఎక్స్-1 విమానాన్ని నడిపాడు. ఒక్కసారే దూకలేదు ప్రియులారా. ఒక్కొక్క ప్రయాణానికి కొంచెం కొంచెం వేగం పెంచారు. ధ్వని వేగంలో 94 శాతం దగ్గరికి వచ్చేసరికి, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకపలక పనిచేయడం మానేసింది. అక్కడ ఆగారు. కొలతలు చూశారు. పలక ఒక్కటే కాక తోకరెక్క మొత్తాన్ని కదిలిస్తే పనవుతుందని ఇంజనీరు జాక్ రిడ్లీ చెప్పాడు. అదీ పరీక్షించారు. అప్పుడు 1947 అక్టోబరు 14న, సుమారు 43,000 అడుగుల ఎత్తున, ధ్వని వేగాన్ని దాటారు.

పరీక్ష మానేయమనడానికి ఈ మాట వాడటం నాకు విడ్డూరంగా ఉంది. పరీక్షే కదా దాని పుట్టిల్లు!

ఇక విశ్వాసం సంగతి. దేవాలయ శిఖరంమీద నిలబెట్టి దూకమన్నవాడు లేఖనం కూడా ఎత్తి చూపించాడు. ప్రభువు దూకలేదు. పేతురు నీళ్లమీద నడిచాడు, నిజమే. అయితే ముందు సెలవడిగాడు, రమ్మన్న మాట విన్నాకే దోనె దిగాడు.

ఏయే పరీక్షలు జరగలేదో కాగితంమీద రాసి పైవారికి ఇమ్మని ఆ తమ్ముడితో చెప్పాను. "ఉద్యోగం పోతేనో అయ్యగారూ? ఇంటి లోను కట్టాలి, అమ్మ మందులు కొనాలి" అన్నాడు. తేలికగా చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఇద్దరం మోకరించి ప్రార్థించాం.

సోమవారం కాగితం ఇచ్చానని ఫోను చేశాడు. పైనుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. ఈ రాత్రి మీ కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డను జ్ఞాపకం చేసుకోండి.