కోట యంత్రానిది, మాట మనది

2025లో కన్నడంలో వెలువడిన ‘లవ్ యూ’ చిత్రంలో తెరపై నటులు లేరు. దృశ్యాలన్నీ కృత్రిమ మేధ రూపొందించినవే. వ్యయం సుమారు 10 లక్షల రూపాయలని నిర్మాణ బృందం తెలిపింది. ఆ లెక్కన బాగేపల్లి తాలూకాలోని గుమ్మనాయకన పాళ్యం కోటపైకి సేనలను నడిపించడం మన యువకులకూ సాధ్యమే.

అయితే ఆ సైనికుడు ఏ తెలుగు పలుకుతాడు? యంత్రం తాను విన్నదే పలుకుతుంది. చింతామణి, చిక్కబళ్ళాపురం వీధులలోని కన్నడం కలిసిన మన తెలుగు దానికి అంతగా వినిపించలేదు. 2021 నాటి ‘సినిమా బండి’ కొత్త నటులతో, సరిహద్దు పల్లె పలుకుబడితోనే మనసులు గెలిచింది.

కాబట్టి కోటను యంత్రం కట్టనివ్వండి. మాటను మాత్రం ఇంటి పెద్దల నోట, వారి అనుమతితో, రికార్డు చేసి భద్రపరచండి. పట్టణాలలో పెరుగుతున్న మన పిల్లలు ఆ యాసను మరవకముందే ఈ పని జరగాలి.